మాకంటే ముందే బయల్దేరిన బొంత

ఈ ఏడు చెన్నైలో జరిగిన ఆ పెద్ద బొంతల పండుగ ఎలా ఉందండీ అని నన్ను మాత్రం అడగకండి. నాకు తెలీదు. వెళ్ళలేదు. టికెట్లున్నాయి, దిగడానికి గది ఉంది, పులిహోర కలిపి డబ్బాలో కూడా పెట్టాను. అయినా వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదంటే... కూర్చోండి, టీ పెడతాను. ఇది నిలబడి వినే సంగతి కాదు. టీ అంటే గుర్తొచ్చింది. ఈమధ్య టీ డికాషన్ చూస్తే చాలు, నాకు కళ్ళమ్మట నీళ్ళు తిరుగుతున్నాయి. అదెందుకో కూడా చెబుతాను.

క్విల్ట్ అని ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో క్లాసులకి వెళ్ళే ఆడవాళ్ళం అందరం నాజూగ్గా అంటున్నాం గానీ, అది మన బొంతే. పాత చీరలు ముక్కలు చేసి, పొరలు పేర్చి, చేత్తో కుట్టిన బొంత. క్లాసులో మిగతా వాళ్ళు షాపులో కొత్త బట్ట కొనుక్కొచ్చి కోసేవారు. నేను పాత మూటలు విప్పేదాన్ని. మాది మచిలీపట్నం వైపు కుటుంబం. మా వాళ్ళలో ఎవరైనా పోతే వాళ్ళ బంగారం ఎవరికొస్తుందని మిగతావాళ్ళు చూసుకుంటుంటే, కట్టి విడిచిన చీర ఎవరు పారేస్తారా అని నేను చూసేదాన్ని. అలా చేరినవే అన్నీ. నాయనమ్మ కావిరంగు నేతచీర, అమ్మ వంకాయరంగు వెంకటగిరి, తాతయ్య సంధ్యవార్చుకునే పట్టుపంచె అంచు, సిరా మరక పోని నాన్నగారి జేబురుమాలు. ఒక్కొక్క ముక్క కుట్టేటప్పుడు ఆ మనిషి పేరు తలుచుకుని ఒక నమస్కారం పెట్టుకునేదాన్ని. మూడేళ్ళు పట్టింది.

మధ్య ముక్క మాత్రం మా మాణిక్యం అత్తయ్యది. నాన్నగారి అక్క. వెంగళరావు నగర్‌లో ఉంటుంది. పెళ్ళయిన కొన్నాళ్ళకే మామయ్య పోయాడు. అప్పటి మధుపర్కం చీర, తెల్లటి నేతకి ఎర్ర అంచు, పసుపు మడత మడతలో ఇంకా నిలిచే ఉంది, ఇన్నేళ్ళూ ట్రంకుపెట్టె అడుగున దాచుకుంది. నేను అడగలేదు. బొంత సంగతి విని తనే తీసింది.

"కత్తెర ఇటివ్వు. నువ్వు కోస్తే నాకు బాధ. నేను కోసుకుంటే నాకిష్టం" అని తనే కోసింది. కోసి, ముక్క నా చేతిలో పెట్టి, "చూడమ్మాయీ, పెట్టెలో మగ్గింది చాలు. దీన్ని పదిమందీ చూడాలి. వాళ్ళు చూస్తుంటే నేను చూడాలి" అంది.

అత్తయ్యకి ఎడమకన్ను ఎప్పుడో పోయింది. కుడికన్ను కూడా ఉన్నన్నాళ్ళే అని డాక్టరు చెప్పేశాడు. అందుకని ఆ చెన్నై పండుగ వాళ్ళు మా బొంత ఫొటో చూసి ఎంపిక చేశాం అని మెయిల్ పెట్టినప్పుడు, ముందు దేవుడి దగ్గర దీపం పెట్టి, తర్వాత అత్తయ్యకి ఫోన్ చేశాను.

"గోడకి వేలాడదీస్తారా?" అంది.

"గోడకేనండీ, పెద్ద హాల్లో. లైట్లు కూడా వేస్తారట."

"కుర్చీలుంటాయా? దానెదురుగా పొద్దుటినుంచి సాయంత్రందాకా కూర్చుంటాను."

అదీ సంగతి. నా సరదా కాదు, అత్తయ్య కన్ను ఉండగా జరగాల్సిన పని. ఇక చూడండి నా ఏర్పాట్లు! కర్ర దూర్చడానికి బొంత వెనకాల పైఅంచుకి గొట్టంలాంటి పట్టీ కుట్టమన్నారు, కుట్టాను. అత్తయ్యకి కింది బెర్తు, హాలుకి నడిచి వెళ్ళేంత దగ్గర్లో గది, కంట్లో వేసుకునే చుక్కలు చల్లగా ఉండటానికి ఫ్లాస్కు. నా అంత జాగ్రత్తపరురాలు లేదనుకున్నాను. అక్కడే కొంప మునిగింది.

మావారు ఫిల్మ్ నగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో మేనేజరు. రోజంతా అరుపులూ ఏడుపులూ విని వస్తారు కాబట్టి నా గొంతు చిన్నది కావడం ఆయన పూర్వజన్మ సుకృతం అంటారు. నిజంగానే చిన్నది. గుళ్ళో సహస్రనామం చదువుతుంటే పక్కనావిడ "మీరు మనసులో చదువుకుంటున్నారా?" అని అడిగింది ఒకసారి. ఆ టికెట్లు తీసింది ఆయనే.

"గురువారం సాయంత్రం రైలు. శుక్రవారం మధ్యాహ్నం లోపల బొంత అప్పజెప్పమన్నారుగా, సరిపోతుంది" అన్నారు.

"గురువారమా? గురువారం దక్షిణానికి వారశూల కదండీ!"

"రైలువాళ్ళకి తెలీదు శారదా."

"బుధవారం దొరకలేదా?"

"దొరికితే నేనెందుకు వద్దంటాను?"

గుళ్ళో అర్చకులుగారిని అడిగాను. ఆయన నవ్వి, "దానికేముంది తల్లీ, బుధవారం పొద్దున్న బావుంది, ప్రస్థానం పెట్టేయండి. శూల అంటదు" అన్నారు.

ఇప్పటి పిల్లలకి తెలీదేమో. మనం బయల్దేరే రోజు మంచిది కాకపోతే, మంచి ఘడియలో మన వస్తువొకటి ముందుగా ఇల్లు దాటించి, వెళ్ళే దిక్కున ఉన్న ఇంట్లో పెడతాం. అంటే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు. అసలు బయల్దేరేటప్పుడు దాన్ని తీసుకుని వెళ్ళిపోవడమే. మళ్ళీ మన గడప తొక్కించకూడదు. మా వాళ్ళలో కాశీకి వెళ్ళినా కాకినాడకి వెళ్ళినా ప్రస్థానం లేకుండా కదిలినవాళ్ళు లేరు.

ఏ వస్తువు పెట్టాలి? ఏదైనా పెట్టొచ్చు. "సబ్బుపెట్టె పెట్టు. పాత చెప్పులు పెట్టు. నా కళ్ళజోడు పెట్టు, అసలే కనపడటం లేదు దాంతో" అన్నారు మావారు. నేను వినలేదు. మా నాయనమ్మ అనేది, ప్రస్థానానికి మనసుకి బాగా ప్రియమైన వస్తువే పెట్టాలని. అది గడప దాటితే మన మనసు దాని వెనకాలే దానంతటదే నడుస్తుందని.

నా మనసుకి ప్రియమైంది ఏది? ఇంకేముంది!

"బొంతా?" మావారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "ఏ వస్తువు తీసుకెళ్ళడానికి ప్రయాణమో ఆ వస్తువునే ఊరి మీదికి పంపిస్తావా?"

"ఊరి మీదికి కాదండీ. పద్మగారింటికి."

పద్మ మా సందులోనే, మాకు దక్షిణంగా నాలుగిళ్ళ అవతల. మనసు వెన్న, గొంతు మైకు. ఆమె పై అంతస్తులో ఉంటుంది. కింది వాటా ఒక సినిమా కంపెనీకి కిరాయికిచ్చింది. ఫిల్మ్ నగర్‌లో ఎవరింటి కింది వాటా చూసినా అంతేగా. ఒక ఇంట్లో ఆఫీసు, ఒక ఇంట్లో ఎడిటింగు. పద్మ ఇంట్లో కాస్ట్యూములు.

బుధవారం పొద్దున్న తలంటు పోసుకుని, బొంత మడిచి, శుభ్రమైన దుప్పట్లో మూటకట్టి, మూటకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ముడిలో ఒక బంతిపువ్వు దోపి, తీసుకెళ్ళాను. పద్మ హడావిడిగా ఉంది, బోరబండలో చెల్లెలి ఇంట్లో దావత్ ఉందని.

"ఇటియ్ వదినా, బీరువల వెట్టి తాళం ఏస్త" అంది.

ఇవ్వాల్సింది. ఆ ఒక్క మాట వినాల్సింది! నేనేమన్నానో తెలుసా?

"వద్దొదినా. బీరువాలో పెట్టి తాళం వేస్తే ప్రయాణానికి తాళం వేసినట్టు. గడప బయటే ఉండాలి. దారిలో ఉన్నట్టు."

"గట్లనా? మరి కింద వరండల బల్ల మీద వెడ్త. జర నీడనే ఉంటది. ఫికర్ జెయ్యకు, గీడ ఎవలు ముట్టరు."

బల్ల మీద పెట్టి, మూటకి దణ్ణం పెట్టుకుని, "నిర్విఘ్నంగా సాగు తల్లీ" అని చెప్పి వచ్చాను. బొంతకి చెప్పాను, వినండి. నాకోసమని చెప్పుకోలేదు. దేవుడు మాట మాటగానే తీసుకుంటాడు.

గురువారం మధ్యాహ్నం. మావారు స్టూడియోనుంచి నేరుగా స్టేషన్‌కి వచ్చి ఎక్కిస్తానన్నారు. నేను మూట తీసుకుని, ఆటోలో వెంగళరావు నగర్ వెళ్ళి, అత్తయ్యని తీసుకుని స్టేషన్ చేరాలి. రైల్లో నలుగుతాయని మంచి చీరలన్నీ పెట్టెలో సర్ది, వెలిసిపోయిన పాత నూలుచీరొకటి కట్టుకున్నాను. ఈ చీర సంగతి గుర్తుపెట్టుకోండి. పెట్టె గేటు దగ్గర ఉంచి పద్మ ఇంటికెళ్ళాను.

బల్ల ఉంది. మూట లేదు.

బల్ల కిందకి వంగి చూశాను. వెనకాల చూశాను. కాస్ట్యూముల గదికి తాళం. పద్మా, పద్మా అని పిలిచాను. నా పిలుపు నాకే వినపడలేదు. మెట్లెక్కి తలుపు కొడితే వచ్చింది.

"ఏంది వదినా గట్ల నిలవడ్డవ్? మొఖమంత తెల్లగైంది!"

"మూట..."

పద్మ కిందికి చూసింది. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "అయ్యో నా తల్లీ! నిన్న పొద్దుమీకి సినిమోళ్ళ వ్యాన్ వచ్చింది. నేనప్పుడే దావత్ కెళ్ళి వస్తున్న. బల్ల మీద మూటలు మూటలు వెట్టి ఏసుకవోయిన్రు. నీది గూడ కలిపి ఏసుకవోయిన్రో ఏందో! బీరువల వెడ్తనంటే నువ్వే వద్దంటివి గదనే!"

ఫోన్ చేసింది. కాస్ట్యూములు చూసే శీను అనే ఆయన ఎత్తలేదు. షూటింగ్‌లో ఉంటే ఎత్తరట. ఎక్కడ షూటింగు? మన ఫిల్మ్ నగర్‌లోనే, ఆ పెద్ద స్టూడియోలో. బతికించాడు దేవుడు అనుకుని ఇద్దరం ఆటో ఎక్కాం. రైలుకింకా టైముంది.

స్టూడియో గేటు దగ్గర కాపలా ఆయన పద్మని ఆపేశాడు. పాపం ముందురోజు దావత్ నగలింకా తీయలేదు, పట్టుచీర. "ఎవరు కావాలమ్మా? పాస్ ఉందా?" అని అడ్డం నిలబడ్డాడు. నన్ను మాత్రం ఎగాదిగా చూసి, "నువ్వెళ్ళమ్మా, ఆలస్యమైంది, మీవాళ్ళందరూ లోపలున్నారు" అని తోశాడు. వెలిసిన నూలుచీర మహిమ! వెనకనుంచి పద్మ అరుస్తూనే ఉంది. "గామె మా వదిన! ఆర్టిస్టు కాదు! ఓ అన్నా, ఇనవడ్తలేదా!" ఆ గొంతు లోపలికి రానిచ్చి ఉంటే ఇవాళ మీకు ఈ కథ చెప్పాల్సిన పని ఉండేది కాదు.

లోపల పల్లెటూరి ఇంటి సెట్ వేశారు. పెంకుల పంచ, ముగ్గు, సాంబ్రాణి పొగ. వెలిసిన చీరలు కట్టుకున్న ఆడవాళ్ళొక గుంపు. మెడలో ఐడీ కార్డు వేసుకున్న ఒకాయన చప్పట్లు కొడుతూ, "ఏడ్చేవాళ్ళంతా ఇటు రండమ్మా! ఇటు, ఇటు!" అంటున్నాడు. నా భుజం పట్టుకుని అందులోకి నెట్టాడు.

"అయ్యా, నేను ఏడవడానికి రాలేదండీ" అన్నాను.

"ఇక్కడొద్దులేమ్మా. అక్కడికెళ్ళాక ఏడుద్దువుగాని" అన్నాడు.

గుంపుతోపాటు నేనూ పంచలోకి వెళ్ళాను. వెళ్ళేసరికి మంచం మీద పెద్దాయన శవం. కాళ్ళ వేళ్ళు దారంతో కట్టి, నుదుటిన రూపాయి బిళ్ళ పెట్టి. శవమంటే శవం కాదు, నటించేవాడే. కానీ ఆయన మీద మెడదాకా కప్పి ఉన్నది...

మొదట పోల్చుకోలేకపోయాను. మట్టిరంగు. అంతా ఒకటే మట్టిరంగు. కావి లేదు, వంకాయ లేదు, తెలుపు లేదు. అంచులు పీచులు లేచి ఉన్నాయి. ఎవరిదో ముసలి బొంత అనుకున్నాను. అప్పుడు, పైఅంచున కర్ర దూర్చడానికి నేను కుట్టిన పట్టీ కనపడింది.

"యాక్షన్!" అన్నారెవరో.

నా చుట్టూ ఆడవాళ్ళు "అయ్యో!" అని ఒక్కసారి మంచం మీదికి విరుచుకుపడ్డారు. నేనూ పడ్డాను. వాళ్ళు నటించారు. నాకేమైందో నాకే తెలీదు. నాన్నగారి జేబురుమాలు వెతికాను. సిరా మరక కనపడలేదు. దాని మీద చెయ్యి వేసి, మధ్య ముక్క మీద చెయ్యి వేసి, జన్మలో ఎన్నడూ ఏడవనంతగా ఏడ్చాను. "నాయనమ్మా! నాన్నగారూ! అత్తయ్యా, నేనేం చెప్పను నీకు! పదిమందీ చూడాలన్నావే! ఇలా చూడమన్నావా!" అన్నాను.

"కట్! ఓకే! సూపర్!"

చప్పట్లు కొట్టారు. చప్పట్లండీ! డైరెక్టరుగారు మైకులోంచి, "ఆ మూలనున్న అమ్మ ఎవరు? చాలా నేచురల్. పెదాలు 'నేనేం చెప్పను నీకు' అన్నట్టున్నాయి, ఆ డైలాగు ఎవరిచ్చారు? బావుంది, ఉంచండి" అన్నారు.

ఇంతలో శవం లేచి కూర్చుంది. కూర్చుని, కెమెరా వైపు చూసి, పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. నేను జడుసుకున్నాను. చావు సీన్ చేసినవాళ్ళు షాటయ్యాక కెమెరా చూసి నవ్వాలట, దోషం పోవడానికి. నవ్వి, వేళ్ళకి కట్టిన దారం విప్పించుకుని, టీ తెప్పించుకుని, మా బొంత ఒళ్ళో వేసుకుని తాగుతూ నాతో అన్నాడు గదా, "ఏం ఏడ్చావమ్మా! నిజంగానే పోయాననుకుని ఒక్కసారి ఊపిరి తీసి చూసుకున్నా."

శీనుగారిని పట్టుకున్నాను. నలభై దాటిన మనిషి, మెడలో టేపు. జరిగింది చెప్పాను. రెండుసార్లు "ఆఁ?" అన్నాక వినపడింది. గుడ్లు తేలేశాడు.

"మీదా మేడమ్! అయ్యయ్యో! కొత్త షెడ్యూల్ మొదటిరోజు మా మూటకి పసుపు కుంకుమ పెట్టి పంపిస్తాం. బల్ల మీద బొట్టూ పువ్వూ పెట్టిన మూట కనపడేసరికి, మనవాళ్ళే ఎవరో పూజ చేసి పెట్టారనుకుని ముందు దాన్నే వ్యాను ఎక్కించా. ఇక్కడ విప్పితే బొంత. సరిగ్గా శవానికి బొంత కావాలని ఆర్ట్ వాళ్ళు అడుగుతున్నారు. దేవుడే పంపించాడనుకున్నాం!"

"మరి రంగు...?" అన్నాను.

ఆయన మొహం వెలిగింది, పాపం. పనిమంతుడు. "కొత్తగా మెరుస్తోంది మేడమ్, పేదింట్లో నమ్మరు. టీ డికాషన్‌లో నానబెట్టాం. ఆరాక గరుకు కాగితంతో రుద్దాం. ఎంత బాగా డల్ అయ్యిందో చూశారా?" అని, నా మొహం చూసి నోరు మూసుకున్నాడు.

"ఇప్పించండి. నాకు రైలుంది" అన్నాను.

ఇప్పుడు వచ్చింది అసలు మాట. శీనుగారు నసిగాడు. పక్కనే ఉన్న అసిస్టెంట్ డైరెక్టర్ అమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చింది. "ఆంటీ, అది కంటిన్యుటీలో పడిపోయింది. రేపు పాడె ఎత్తే సీన్ ఉంది. బొంత మారితే ఇవాళ తీసిందంతా పోతుంది. ప్లీజ్ ఆంటీ." తలెత్తి నన్ను చూసి, "మీరు కూడా రావాలి ఆంటీ. మీ మొహం మీద క్లోజప్ పడింది. ఇదే చీరలో."

ఇదిగో, ఇక్కడ ఎవరైనా ఏం చేస్తారు? పద్మ అయితే సెట్టు పీకేసేది. నేను నోరు తెరిచాను. కుదరదండీ అందామని. ఆ టీ తాగుతున్న పెద్దాయన, ఆ ఆడవాళ్ళు, అందరూ నా వైపే చూస్తున్నారు. బొంత చూస్తే గరుగ్గా, గోధుమరంగు గోనెపట్టాలా ఉంది. దీన్ని తీసుకెళ్ళి ఏ గోడకి వేలాడదీయను?

"సరేనండీ" అన్నాను. అది మాత్రం అందరికీ స్పష్టంగా వినపడింది.

చెన్నై వాళ్ళకి ఫోన్ చేశాను. పాపం మర్యాదగానే మాట్లాడారు. శుక్రవారం మధ్యాహ్నం దాటితే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి అన్నాను. మావారికి ఫోన్ చేశాను. "నా కళ్ళజోడు పెట్టమన్నాను" అని మాత్రం అన్నారు.

అత్తయ్యకి ఫోన్‌లో చెప్పడానికి మనసొప్పలేదు. పెట్టె ఇంట్లో పడేసి, పులిహోర డబ్బా చేతపట్టుకున్నాను. వెళ్ళాను.

సోఫాలో కూర్చుని ఉంది. బూడిదరంగు పట్టుచీర, భుజాన పిన్ను. ఒళ్ళో చేతిసంచి. కాళ్ళకి చెప్పులు. ఇంట్లో చెప్పులు వేసుకోని మనిషి, ఆటో రాగానే లేచి వచ్చేయడానికని చెప్పులేసుకుని కూర్చుంది. అది చూశాక నాకు ఏ మూల దాక్కోవాలో తెలీలేదు.

"ఆలస్యమైందేమే? రైలందుతుందా?"

నేను కింద కూర్చుని, ముందు ఆమె కాళ్ళ చెప్పులు తీశాను. తర్వాత చెప్పాను. ప్రస్థానం, వరండా, వ్యాను, శవం, డికాషన్. ఏదీ దాచలేదు. నా గొంతు వినపడక, "గట్టిగా చెప్పు" అని మధ్యలో రెండుసార్లు అంది. అలాంటి సంగతి గట్టిగా చెప్పాల్సి రావడం కంటే శిక్ష ఉంటుందా!

అంతా విని, భుజాన పిన్ను తీసేసింది.

"శవం మీద కప్పారా?" అంది.

"కప్పారత్తయ్యా."

"తర్వాత లేచాడా?"

"లేచాడు. కెమెరా చూసి నవ్వాడు. టీ కూడా తాగాడు."

"మరింకేం మైల? లేవని వాళ్ళ దగ్గర కదా మైల." సంచిలోంచి కంటి చుక్కల సీసా తీసి బల్ల మీద పెట్టింది. "మీ మామయ్య కూడా అలా లేచి టీ అడిగితే బావుండేది" అంది. మళ్ళీ నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

"రేపు మీరొక్కరైనా వెళ్ళిరండత్తయ్యా, పండుగ చూసినట్టుంటుంది. ఆయన్ని తోడు పంపిస్తాను."

"నాది లేని గోడ నాకెందుకే? ఆ పులిహోర ఇటియ్యి, ఆకలేస్తోంది."

శుక్రవారం వెళ్ళి, అదే చీరలో, పాడె వెనకాల ఏడ్చి వచ్చాను. ఆ రోజు ఏడుపు రాలేదు గానీ, మధ్యాహ్నం పన్నెండు దాటిందని గడియారం చూసుకున్నాక వచ్చింది. సాయంత్రానికి శీనుగారు బొంతని మడిచి, కొత్త దుప్పట్లో చుట్టి, తనే ఇంటికి తెచ్చిచ్చాడు. వందసార్లు సారీ చెప్పాడు. ఆయన తప్పేముంది? బొట్టు పెట్టింది నేను. బయట పెట్టింది నేను. ప్రియమైన వస్తువని ఏరి ఏరి పెట్టింది నేను.

కుంకుడురసంలో నానబెట్టాను. నిమ్మకాయ రుద్దాను. ఎండలో వేశాను. కావిరంగు కాస్త తేలింది. వంకాయరంగు ఉందంటే ఉంది. తెల్లముక్క మాత్రం టీరంగులోనే ఉండిపోయింది.

అత్తయ్య దగ్గరికి తీసుకెళ్ళి మంచం మీద పరిచాను. వంగి, ఉన్న ఒక్క కన్ను దగ్గరగా పెట్టి చూసింది. అటూ ఇటూ వెతికింది.

"నాదేదే?"

తనే కళ్ళు మూసుకుని, చేత్తో తడమడం మొదలెట్టింది. ముక్క మీంచి ముక్క మీదికి వేళ్ళు నడిచాయి. మధ్యలో ఒకచోట ఆగాయి. అంచు నేత గట్టిగా తగులుతుంది కదా, అక్కడ. బొటనవేలితో ఆ అంచుని ఈ చివరినుంచి ఆ చివరిదాకా రాసింది.

"ఆఁ, ఇదిగో. ఎక్కడికీ పోలేదు" అంది.

నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

"సరే, సినిమా ఎప్పుడొస్తుందట?" అంది అత్తయ్య. "పదిమందేమిటే, ఊరంతా చూస్తుంది. ముందు వరసలో టికెట్లు తీయించు. ఈ కన్నుకి ముందు వరసైతే చాలు."

ఆ మాటతో నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది. పోనీలే, గోడ మీద కాకపోతే తెర మీద! ఆ సంబరం ఎన్నాళ్ళుందంటే, మొన్న ఆ సినిమా డబ్బింగుకి మావారి స్టూడియోకే వచ్చేదాకా. ఆయన ఆ సీన్ చూసి ఇంటికొచ్చారు. చెప్పులు కూడా విప్పకుండా సోఫాలో కూర్చున్నారు.

"బొంత ఎలా ఉందండీ?" అన్నాను ఆత్రంగా.

"బొంత లేదు."

"లేకపోవడమేమిటి?"

"ఉంది. ఫోకస్‌లో లేదు. మసకగా ఏదో గోధుమరంగు. ఫోకస్ అంతా నీ మొహం మీదే. తెర నిండా నువ్వే శారదా. ముక్కు ఎగబీలుస్తూ."

నేను కుర్చీలో కూలబడ్డాను. పదిమందీ బొంత చూడాలంటే, బొంతకోసం ఏడ్చిన నన్ను చూడబోతున్నారు!

"ఇంకొకటుంది" అన్నారు మావారు, నవ్వు బిగబట్టుకుని. "నీ ఏడుపు మైకుకి అందలేదు. పెదాలు కదులుతున్నాయి, ధ్వని లేదు. వేరే ఆవిడ చేత డబ్బింగ్ చెప్పించాం."

మా వంశంలోకెల్లా గట్టిగా ఏడ్చిన ఏడుపండీ అది. దానికీ వేరొకరి గొంతు!

ఈ సంగతి అత్తయ్యకి చెప్పక తప్పలేదు. విని, తల ఊపింది. "అయితే సినిమా లాభం లేదన్నమాట. వచ్చే ఏడు చెన్నైకే వెళ్దాం. కన్ను సంగతి కన్ను చూసుకుంటుంది. కానీ ఒక్కటి. రైలెక్కేదాకా బొంత నా ఒళ్ళో ఉంటుంది. నీ ప్రస్థానానికి ఇంకేదైనా ప్రియమైంది వెతుక్కో" అంది.

బాగా ఆలోచించాను. వచ్చే ఏడు కూడా ప్రస్థానం పెట్టకుండా వెళ్ళను. ఆచారం ఆచారమే. బొంత తర్వాత నా మనసుకి ప్రియమైనది ఇంట్లో ఇంకొకటే ఉంది. పద్మతో మాట్లాడేశాను కూడా. మంచి ఘడియ చూసి మావారినే తీసుకెళ్ళి ఆ వరండా బల్ల మీద కూర్చోబెడతాను.

బొట్టు మాత్రం పెట్టను.